అర్బుదం అంటే క్యాన్సరేనా?
పత్రికలు క్యాన్సర్‌ను ‘అర్బుదం’ అనడం అలవాటయ్యాక, కరీంనగర్, ఆదిలాబాద్‌లలో పెంపుడు కుక్క ఒంటిమీది గడ్డకూ ఆ పేరే పెట్టి బెంగపడే వాళ్లున్నారు. ఈ సంస్కృత పదానికి సుశ్రుత సంహితలో అర్థం వేరు: గుండ్రంగా, కదలకుండా, మెల్లగా పెరిగి చీము పట్టని వాపు. లెక్కల్లో అదే మాటకు పది కోట్లని అర్థం. ఇలాంటి గడ్డలు పుట్టే చోట్లలో ఒకటైన ‘గ్రంథి’ అంటే మొదట ముడి. తాటాకులు గుచ్చి కట్టిన గ్రంథం దాని చుట్టమే. వయసు మళ్లిన కుక్కల స్వేదగ్రంథుల్లో పుట్టే అడినోమా అనే క్యాన్సర్ కాని గడ్డ ఇతర అవయవాలకు పాకదు. పూర్తిగా కోసి తీసేస్తే సాధారణంగా నయమవుతుంది. కంటిచూపుతో మాత్రం తేల్చలేం, ముక్క తీసి పరీక్షించాలి. అందాకా ఉల్లిగడ్డకూ ఆలుగడ్డకూ పుట్టిన నేలకూ చెల్లే మన ‘గడ్డ’ అన్న మాటే వాడుదాం. అది ముందే తీర్పు చెప్పదు.