పిలిస్తే పలకని ఫైలు

ఓ రాత్రి పదకొండింటికి నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి ఫోన్ చేసింది. 'మేడమ్, ప్రోగ్రాం లాబ్‌లో నడిచింది, ఇంట్లో నడవడం లేదు' అని. తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్ళ పని గురించి, 2011-12 నాటి జాతీయ నమూనా సర్వే అంకెలతో తను ఒక అధ్యాయం రాస్తోంది. నేను చరిత్ర పాఠాలు చెప్పుకునే మనిషిని, కంప్యూటరంటే నాకూ బెరుకే. అయినా ఆదివారం రమ్మన్నాను. ఎల్‌.బి.నగర్ దాకా మెట్రోలో వచ్చి, అక్కణ్ణించి ఆటోలో మన్సూరాబాద్‌లోని మా ఇంటికి చేరింది, భుజాన లాప్‌టాప్ సంచీతో.

తను వాడేది ఆర్ అనే సాఫ్ట్‌వేర్. అసలు ఫైలు పట్టుమని ఇరవై లైన్లు లేదు. అది 'సోర్స్' అనే ఆజ్ఞతో మూడు విడి ఫైళ్ళని వరసగా పిలుస్తుంది. ఒకటి అంకెల్ని చదువుతుంది. రెండోది ఎవరు పనివాళ్ళో ఎవరు కాదో తేలుస్తుంది. మూడోది పట్టికలు వేస్తుంది. ఇంట్లో ఎందుకు ఆగిపోయిందో తేలిగ్గానే తెలిసింది. లాబ్‌లోని కంప్యూటరు డి డ్రైవు చిరునామా ఫైల్లో యథాతథంగా రాసేసి ఉంది. ఆ డ్రైవు తన లాప్‌టాప్‌లో లేదు. పూర్తి చిరునామా తీసేసి ప్రాజెక్టు ఫోల్డరు నుంచి దారి చూపిస్తే కదిలింది.

కదిలింది గానీ తెర మీద ఏమీ రాలేదు. తప్పని చెప్పే ఎర్ర అక్షరాలూ లేవు, పట్టికలూ లేవు. చాలాసేపు తలలు పట్టుకున్నాక తెలిసింది. మనం నేరుగా టైపు చేసిన వాక్యానికి ఆర్ జవాబు చూపిస్తుంది. అదే వాక్యాన్ని విడి ఫైల్లో పెట్టి పిలిస్తే లెక్క చేస్తుంది గానీ జవాబు పైకి చెప్పదు. 'ప్రింట్' అని ప్రత్యేకంగా రాస్తేనో, పిలిచేటప్పుడు 'ఎకో' కావాలని అడిగితేనో తప్ప నోరు విప్పదు.

'పని చేస్తుంది, మాట్లాడదు. మా అమ్మలాగే' అంది అమ్మాయి. ఇద్దరం నవ్వుకున్నాం.

విడిగా రాసుకున్న ముక్కని పిలిచి వాడుకునే ఈ అలవాటు ఆర్ కన్నా చాలా పాతది. ఆర్‌ని 1990ల మొదట్లో న్యూజిలాండ్‌లో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టారు. దానికి మూలమైన ఎస్ భాష 1976లో బెల్ లాబ్స్‌లో పుట్టింది. ఇంకా వెనక్కి వెళ్తే, కేంబ్రిడ్జిలో 1949 మేలో నడక మొదలెట్టిన ఎడ్‌సాక్ దగ్గర ఒక ఉక్కు బీరువా ఉండేది. పదేపదే పనికొచ్చే లెక్కల కాగితపు టేపులు అందులో దాచేవాళ్ళు. కావలసిన టేపుని తీసి అసలు టేపులోకి కాపీ చేసుకునేవాళ్ళు.

అమెరికాలో గ్రేస్ హాపర్, ఆమె సహచరులు నోటుపుస్తకాల్లో రాసుకున్న ముక్కల్ని ఒకరి దగ్గర ఒకరు ఎక్కించుకునేవాళ్ళు. చేత్తో ఎక్కించడంలో తప్పులు దొర్లేవి, చిరునామాలు మార్చి కూడటంలో మరికొన్ని. ఈ చాకిరీ యంత్రమే చెయ్యకూడదా అనుకుని 1952 నాటికి హాపర్ ఎ-జీరో తయారుచేశారు. ప్రతి ముక్కకీ ఒక పిలుపు అంకె ఉంటుంది. ఆ అంకె చెబితే యంత్రం టేపు మీద వెతికి తెచ్చుకుని, చిరునామాలు తనే సరిచేసుకుని, ఒక్కటిగా కుడుతుంది.

తప్పు వెతికే పద్ధతుల్లోనూ ఆడవాళ్ళ చెయ్యి ఉంది. ఎనియాక్‌కి ప్రోగ్రాములు రాసిన ఆరుగురు స్త్రీలలో బెట్టీ స్నైడర్ ఒకరు, పెళ్ళి తర్వాత హోల్బర్టన్. లెక్క ఎక్కడ చెడుతోందో చూడ్డానికి ఒక వైరు పీకేసి యంత్రాన్ని అక్కడే ఆపేవాళ్ళమని, 'బ్రేక్ పాయింట్' అన్న మాట అలా వచ్చిందని ఆమె తర్వాత ఒక ముఖాముఖిలో చెప్పారు. 1946 ఫిబ్రవరిలో ఎనియాక్‌ని లోకానికి చూపించిన రోజు రాత్రి విందు జరిగింది. ఈ ఆరుగురికీ పిలుపు లేదు.

మేమూ రెండో ఫైల్లో ఒక చోట 'బ్రౌజర్' అని రాసి ఆపాం. ఆర్‌లో వైరు పీకడమంటే అదే. అక్కడికి రాగానే అది నిలబడిపోతుంది, అప్పటిదాకా ఏ పేరులో ఏముందో అడిగి చూసుకోవచ్చు. చూస్తే 93 లేదు.

93 ఏమిటో చెప్పాలి. సర్వేలో ప్రతి మనిషికీ చేసే పనిని బట్టి ఒక అంకె పడుతుంది. 11 నుంచి 51 వరకు ఉన్నవాళ్ళు పనివాళ్ళు. 92 అంటే ఇంటిపని మాత్రమే. 93 అంటే ఇంటిపనితో పాటు ఇంటి అవసరానికి కట్టెలు, పశువుల మేత, ఆకుకూరలు తెచ్చుకోవడం, కుట్టుపని, నేత. ఈ రెండూ పని కిందకి రావు. మా వీధిలో పొరుగావిడ చీరకి డబ్బు తీసుకుని ఫాల్ కుడితే 11, సొంత చీరకి కుడితే 93. గుమ్మంలో నిలబడ్డ మగాయన 'మా ఆవిడ ఖాళీగానే ఉంటుంది' అంటే డబ్బులకి కుట్టినదీ మాయమౌతుంది.

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. 1970ల్లోనే దేవకీ జైన్ బృందం రాజస్థాన్, పశ్చిమ బెంగాల్ పల్లెల్లో ఆడవాళ్ళ రోజుని గంటగంటకీ రాసుకుని చూసింది. 93 పడ్డ వాళ్ళలో పొలం పనులు చేస్తున్నవాళ్ళు కనిపించారు. స్త్రీల ఉద్యమం ఒత్తిడి తెచ్చాక 1991 జనాభా లెక్కల్లో పని గురించిన ప్రశ్నకి 'పొలంలో, కుటుంబ వ్యాపారంలో జీతం లేని పని కూడా' అని చేర్చారు. 1998-99లో కాలవినియోగ సర్వే ఆరు రాష్ట్రాల్లో జరిగింది, వాటిలో మనది లేదు. దేశమంతటా జరగడానికి 2019 దాకా ఆగాలి.

అమ్మాయి మొదటి ఫైల్లో 93ని విడిగా ఉంచి ఆ వరసకి 'పని' అని పేరు పెట్టుకుంది. రెండో ఫైలు ఎవరో సీనియర్ ఇచ్చింది. అందులోనూ ఒక 'పని' ఉంది, అది 11 నుంచి 51 వరకు ఒకటి అనీ, మిగతాదంతా సున్నా అనీ రాస్తుంది. సోర్స్‌తో పిలిచిన ఫైలు మామూలుగా మన వరండాలోనే కూర్చుని పని చేస్తుంది, దానికి వేరే గది ఉండదు. పేరొక్కటే అయితే పాతదాని మీద కొత్తది ఎక్కి కూర్చుంటుంది. ఆర్ హెచ్చరించదు కూడా. దారి తప్పయితే ప్రోగ్రాం ఆగి మొత్తుకుంటుంది. ఇది మాత్రం హాయిగా నడిచి చక్కటి పట్టిక చేతికిచ్చేది. లాబ్‌లో ఇచ్చింది కూడా. ఆ పట్టికతోనే తను ఒక సెమినార్ పత్రం చదివేసింది.

'ఆ సీనియర్‌ని ఏమంటాం మేడమ్, ఆయనకీ ఎవరో ఇచ్చి ఉంటారు' అంది. నిజమే కావచ్చు. అయినా ఆ ఫైలు తెరిచి చదవకుండా వాడినందుకు నాకు తన మీద కొంచెం కోపమే వచ్చింది. తెరవమని చెప్పని నా మీద ఇంకాస్త.

రెండో ఫైల్లో పేరు మార్చాం. ఒక్కో అంకె కింద ఎంతమంది ఉన్నారో ప్రింట్ చెయ్యమని మూడు లైన్లు చేర్చాం. అప్పటికి సాయంత్రమైంది. పట్టికలో 93కి విడిగా ఒక వరస వచ్చింది. సెమినార్ వాళ్ళకి ఏమని ఉత్తరం రాయాలో ఆలోచిస్తూ ఇద్దరం టీ పెట్టుకున్నాం.