తప్పు జవాబులో దాగిన తర్కం

ముందుగా ఒక చిన్న ప్రశ్న. ఎడిత్ జుట్టు సూజన్ జుట్టు కంటే లేత రంగు. అదే ఎడిత్ జుట్టు లిలీ జుట్టు కంటే ముదురు రంగు. ముగ్గురిలో అందరికన్నా ముదురు జుట్టు ఎవరిది?

సూజన్‌ది. కాగితం మీద గీసుకోకుండానే చెప్పగలిగారా? పిల్లల తార్కిక శక్తిని కొలిచేందుకు లండన్‌లో సిరిల్ బర్ట్ కూర్చిన ప్రశ్నకు ఇది పారిస్ రూపం. అటువంటి ప్రశ్నలను పారిస్ బాలబాలికలపై పరీక్షించి ప్రమాణీకరించే పనిని 1919లో ఆ నగరం చేరిన జాఁ పియాజే అనే యువకునికి అప్పగించారు. అంతకుముందు ఆయన పరిశోధన నత్తల మీద!

అప్పగించినవారు వైద్యుడైన తియొడోర్ సిమోన్. ఆల్‌ఫ్రెడ్ బినేతో కలిసి 1905లో 30 అంశాల తొలి బుద్ధి పరీక్షను రూపొందించింది ఆయనే. చదువులో వెనుకబడిన పిల్లలను గుర్తించి ప్రత్యేక బోధన అందించడమే దాని ఉద్దేశం. బుద్ధి మారని పరిమాణమన్న వాదాన్ని బినే గట్టిగా వ్యతిరేకించారు. ఆయన 1911లో మరణించారు. మరుసటి ఏడాదే విలియం స్టెర్న్ మానసిక వయస్సును అసలు వయస్సుతో భాగించే పద్ధతిని ప్రతిపాదించారు. ప్రజ్ఞాలబ్ధి అనే అంకె పుట్టింది అక్కడే.

పియాజే చేయవలసినది సరైన జవాబులను లెక్కించడమే. కానీ ఆయన మనసు తప్పు జవాబుల వైపు మళ్లింది. ఎందుకలా అన్నావని పిల్లలను అడగసాగారు. పై ప్రశ్నకు కొందరు లిలీ అన్నారు. వారి తర్కం చూడండి. మొదటి వాక్యాన్ని బట్టి ఎడిత్, సూజన్ ఇద్దరివీ లేత రంగు. రెండవ దానిని బట్టి ఎడిత్, లిలీ ఇద్దరివీ ముదురు. రెండింటిలోనూ ఉన్న ఎడిత్ మధ్యస్థం. కాబట్టి సూజన్‌ది అందరికన్నా లేత, లిలీది అందరికన్నా ముదురు. జవాబు పూర్తిగా తలకిందులే. అయినా అందులో ఆలోచన లేదనగలమా? పోలికను చెప్పే మాటను ఆ పసివాడు గుణాన్ని చెప్పే మాటగా గ్రహించాడు, అంతే.

మార్కుల పట్టికలో అతనికి సున్నా. ముగ్గురిలో ఒక పేరును గుడ్డిగా చెప్పి నెగ్గిన బాలునికి పూర్తి మార్కు! ఒక్క ప్రశ్నతో పరీక్ష తేలదు, నిజమే. సహాయం అవసరమైన బిడ్డను గుర్తించడంలో ఈ పరీక్షల ఉపయోగాన్ని నేను కాదనను. అయితే మొత్తం అంకెలో తర్కంతోపాటు పదసంపద, జ్ఞాపకశక్తి, బడి నేర్పిన అలవాట్లు, ఆనాటి భయం కూడా కలగలిసి ఉంటాయి.

ప్రభుత్వ వైద్యునిగా నేను పనిచేసిన రోజులలో ధ్రువపత్రాల కోసం తల్లులు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చేవారు. నివేదికలోని అంకె చూసి సంతకం చేసేవాడిని. ఆ బిడ్డ ఏ ప్రశ్నకు ఏమన్నాడో ఒక్కనాడూ అడగలేదు. ఇప్పటికీ అది నన్ను బాధిస్తుంది.

అటువంటి నివేదిక మీ చేతికి వస్తే నాలుగు సంగతులు అడగండి. పరీక్ష బిడ్డ మాట్లాడే భాషలోనే జరిగిందా? చూపు, వినికిడి ముందుగా పరీక్షించారా? ఏ విభాగంలో ఎంత వచ్చింది? తప్పిన చోట బిడ్డ అన్న మాట ఏమిటి? మంచి మనస్తత్వ నిపుణులు ఆ మాటలను ఉన్నవి ఉన్నట్లు రాసి ఉంచుకుంటారు. అడిగితే విడమరచి చెబుతారు.