మధుమేహులలో గుండె వైఫల్య నివారణ: పేదల సంగతి

శరీరానికి కావలసినంత రక్తాన్ని గుండె పంపలేకపోవడమే గుండె వైఫల్యం. టైప్-2 మధుమేహం, స్థూలకాయం రెండూ ఉన్నవారిలో ఇది గుండెపోటు రాకుండానే మొదలవవచ్చు. చక్కెర, రక్తపోటు, పొట్టలో పేరుకున్న కొవ్వు కలిసి ఏళ్ల తరబడి గుండె కండరాన్ని బిరుసెక్కిస్తాయి. గుండె స్కానింగ్ (ఎకో)లో పంపింగ్ మామూలుగానే కనిపించినా నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ఒళ్లు వచ్చింది కాబట్టేలే అని సరిపెట్టుకునే కూలీలు చాలామంది కాళ్లు వాచాకే ఆసుపత్రికి వస్తారు. మధుమేహం ఉన్న పురుషులకు ఈ ముప్పు రెట్టింపుకు పైగా, స్త్రీలకు ఐదు రెట్లు ఉంటుందని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1974లోనే చూపింది.

నివారణలో అన్నిటికన్నా చవకైనది రక్తపోటు అదుపు. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్ వంటి మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. అయితే నెలనెలా మందు తెచ్చుకోవడానికి ఒక పూట కూలి వదులుకోవాలి; మాత్రలు మధ్యలో ఆగిపోవడానికి అదీ ఒక కారణం. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు. కూర కొనలేని ఇంట్లో పచ్చడి మెతుకులే భోజనమైనప్పుడు ఈ సలహా పాటించడం కష్టం.

చక్కెర మాత్రల ఎంపికా ముఖ్యమే. చవకగా దొరికే పయోగ్లిటజోన్ ఒంట్లో నీరు నిలిపి గుండె వైఫల్యం ముప్పు పెంచుతుంది. పాత చీటీ చూపించి ఏళ్లుగా అదే మాత్ర కొనుక్కునేవారికి ఈ మాట చెప్పేవారు అరుదు. దీనికి భిన్నంగా పనిచేసేది ఎంపాగ్లిఫ్లోజిన్. గుండె, రక్తనాళాల జబ్బు అప్పటికే ఉన్న 7,020 మంది మధుమేహులపై జరిపిన అధ్యయనం 2015లో వెలువడింది. గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం ఈ మందు వాడినవారిలో 35 శాతం తక్కువ. భారత్‌లో ఒక్కో మాత్ర 60 రూపాయల దాకా ఉండేది. 2025 మార్చిలో పేటెంటు గడువు ముగిశాక పది రూపాయల లోపు రకాలూ వచ్చాయి.

ఈ మందు చక్కెరను మూత్రంలోకి పంపేస్తుంది కాబట్టి మూత్రం ఎక్కువవుతుంది, జననాంగాల వద్ద ఫంగస్ రావచ్చు. మరుగుదొడ్డి లేని పనిచోట ఆడవాళ్లు నీళ్లు తాగడం తగ్గించుకుంటే నిర్జలీకరణ ప్రమాదం ఉంది. ఉపవాసాలప్పుడు, వాంతులు విరేచనాలు పట్టుకున్నప్పుడు డాక్టరును అడిగి మాత్ర తాత్కాలికంగా ఆపాలి.