541 ప్రశ్నల ఫారం

మన ఊళ్లలో నర్సింగ్ హోం అంటే చిన్న ప్రైవేటు ఆస్పత్రి. కాన్పుకో, అపెండిక్స్ ఆపరేషన్‌కో వెళ్లి వారం తిరక్కుండా ఇంటికొచ్చేస్తాం. అమెరికాలో అదే మాటకు అర్థం వేరు. మంచాన పడ్డ ముసలివాళ్లను చూసుకోవడం ఇంటివాళ్ల వల్ల కానప్పుడు చేర్చే చోటు అది. చాలామంది అక్కణ్నుంచి తిరిగి రారు. దాని పక్కనే ఇంకో పేరు వినిపిస్తుంది: స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీ. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన మనిషికి మళ్లీ నడక వచ్చేదాకా నర్సులు, ఫిజియోథెరపిస్టులు చూసుకునే చోటన్నమాట. అక్కడి మనవాళ్లు దీన్ని ‘రీహాబ్’ అంటారు. ‘అమ్మను రీహాబ్‌లో పెట్టాం’ అని ఫోన్‌లో చెబితే ఇక్కడి చుట్టాలకు సగమే అర్థమవుతుంది. నిజానికి చాలాచోట్ల రెండూ ఒకే భవనం, ఒకే వరండా, ఒకే సిబ్బంది.

ఆ వరండాలో సేవ సరిగా అందుతోందో లేదో తేల్చేది ఎవరు? ఎలా? 1970ల్లో అమెరికా కేంద్ర ప్రభుత్వం దగ్గర దీనికో ఫారం ఉండేది. తనిఖీకి వెళ్లిన అధికారి దాన్ని నింపుకొని రావాలి. మొత్తం 541 ప్రశ్నలు. తర్వాత ఆ ఫారం కోర్టు మెట్లెక్కింది. అక్కడ లెక్క తీస్తే, రోగి బాగోగులతో కాస్తోకూస్తో సంబంధమున్నవి, లేదా రోగిని ఒకసారి కళ్లతో చూడాల్సిన అవసరం పడేవి 30 తేలాయి. మిగిలిన 511కి కాగితాలు, గోడలు, హోదాలు చూస్తే సరిపోతుంది. మనిషిని చూడక్కర్లేదు.

ఇంత విడ్డూరమైన కాగితం ఒక్కరోజులో తయారు కాలేదు. దాని వెనక నలభై ఏళ్ల కథ ఉంది.

ఒకప్పుడు అమెరికాలో దిక్కులేని ముసలివాళ్లకు మిగిలేది కౌంటీ నడిపే ‘పూర్‌హౌస్’. మతిస్థిమితం లేనివాళ్లు, తాగుబోతులు, వికలాంగులు, వృద్ధులు, అందరూ ఒకే కప్పు కింద. ముసలితనంలో అక్కడికి పోవాల్సి వస్తుందేమోనన్న భయం తరాల తరబడి జనాన్ని వెంటాడింది. 1935లో రూజ్‌వెల్ట్ హయాంలో వచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టం పేద వృద్ధులకు నెలసరి సాయం ఏర్పాటు చేసింది. నెలకు 30 డాలర్ల వరకు రాష్ట్రం ఇచ్చేదాంట్లో సగం కేంద్రం భరిస్తుంది. ఒక్క మెలిక: ప్రభుత్వ సంస్థలో ఉంటున్నవాళ్లకు ఈ డబ్బు రాదు. పూర్‌హౌస్‌లు మూతపడాలి, పెద్దలు ఇళ్లలో ఉండాలి అన్నది ఆలోచన. మంచి ఆలోచనే. కానీ ఇల్లే లేనివాళ్లు, ఇల్లున్నా లేవలేనివాళ్లు ఎక్కడికి పోవాలి? ఖాళీ గదులున్నవాళ్లు, భర్త పోయిన ఆడవాళ్లు, ఉద్యోగం మానేసిన నర్సులు వాళ్లను తమ ఇళ్లలో చేర్చుకుని ఆ నెల చెక్కు తీసుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ అనుకుని పెట్టని వ్యాపారం అలా పుట్టింది. 1950 సవరణలో ఆ మెలిక సడలించి, ఇలాంటి చోట్లకు లైసెన్సులుండాలన్నారు. 1954లో ఆస్పత్రుల నిర్మాణ నిధుల్లోంచి వీటికీ వాటా ఇచ్చారు. అందుకే అవి చూడ్డానికి ఇళ్లలా కాక ఆస్పత్రుల్లా ఉంటాయి: పొడవాటి వరండా, అటూ ఇటూ గదులు, మధ్యలో నర్సుల బల్ల.

నిబంధనలను ముందుకు నెట్టింది అగ్నిప్రమాదాలు. 1957 ఫిబ్రవరి 17, ఆదివారం మధ్యాహ్నం మిస్సోరి రాష్ట్రం వారెంటన్‌లో ఒక వృద్ధుల గృహం కాలిపోయి 72 మంది చనిపోయారు. 1963 నవంబరు 23న ఒహైయోలోని ఫిచ్‌విల్‌లో మరో గృహం తగలబడి 63 మంది పోయారు. ముందురోజే కెనెడీ హత్య జరిగింది. పత్రికల్లో ఆ 63 మందికి దొరికిన చోటెంతో ఊహించుకోవచ్చు. వారెంటన్ మంటల తర్వాత మిస్సోరి నిబంధనలు బిగించింది. మంటలార్పే స్ప్రింక్లరు ఉందో లేదో ఇన్‌స్పెక్టరు చిటికెలో రాసుకోగలడు. మంచం మీది మనిషిని రాత్రి పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టారో లేదో అలా రాసుకోలేడు. ఫారంలో ఏది చేరింది, ఏది చేరలేదు అన్నది ఇక్కడే తేలిపోయిందని నాకనిపిస్తుంది.

1965 జులై 30న అధ్యక్షుడు జాన్సన్ మిస్సోరికి వెళ్లి, మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని వృద్ధులకు ఆరోగ్య బీమా ఇచ్చే మెడికేర్, పేదలకు ఇచ్చే మెడికెయిడ్ చట్టంపై సంతకం చేశాడు. ఆస్పత్రిలో కనీసం 3 రోజులుండి వస్తే, ఆ తర్వాతి నర్సింగ్ సేవకు 100 రోజుల దాకా మెడికేర్ వర్తిస్తుంది. మొదటి 20 రోజులు పూర్తిగా, ఆపైన రోగి కొంత కట్టాలి. ఈ లెక్క ఇప్పటికీ ఇలాగే ఉంది. రీహాబ్‌లో ఇరవయ్యో రోజు దగ్గరపడేకొద్దీ కుటుంబాల్లో గుబులు మొదలయ్యేది అందుకే. నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉండేవాళ్లకు మాత్రం మెడికేర్ అక్కరకు రాదు. దాచుకున్నదంతా కరిగిపోయాక మెడికెయిడ్ దిక్కు. నేడు నర్సింగ్ హోముల్లో ఉన్న పదిమందిలో సుమారు ఆరుగురి ఖర్చు పెడుతున్నది అదే.

డబ్బు సిద్ధం. తీరా చూస్తే, చట్టం కోరిన ప్రమాణాలున్న గృహాలు కొద్దివే. గట్టిగా పట్టుబడితే ముసలివాళ్లకు మంచాలుండవు. అందుకని ‘చాలావరకు సరిపోయింది’ అనే కొత్త వర్గం ఒకటి పుట్టించి, లోటుపాట్లున్న వాటికీ అనుమతులిచ్చేశారు. మన ఆఫీసుల్లో ‘ఈసారికి సర్దుకుందాం’ అనే మాట ఉంది కదా, అదే. స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీ అనే పేరు 1972 సవరణతో ఖాయమైంది. ఈలోగా సెనెటర్ ఫ్రాంక్ మాస్ ఏళ్ల తరబడి విచారణలు జరిపాడు. న్యూయార్క్‌లో బెర్నార్డ్ బెర్గ్‌మన్ అనే నర్సింగ్ హోముల యజమాని మెడికెయిడ్ మోసం బయటపడి, 1976లో నేరం ఒప్పుకున్నాడు. కుంభకోణం, కమిటీ, నివేదిక, మళ్లీ కుంభకోణం.

ఈ గానుగెద్దు తిరుగుడును ఆపింది కొలరాడోలో 1975లో మొదలైన ఒక దావా. మెడికెయిడ్ మీద నర్సింగ్ హోముల్లో ఉంటున్నవాళ్లు వేశారు. వాళ్ల వాదన వినడానికి తేలిక: ప్రభుత్వం మా పేరున డబ్బు కడుతోంది కాబట్టి మాకు సేవ అందుతోందో లేదో తెలుసుకోవాల్సిన పూచీ దానిదే. ఫారం మాత్రం ‘ఈ సంస్థ సేవ చేయగలదా?’ అని అడుగుతోంది. ‘చేసిందా?’ అని అడగడం లేదు. వంటగదిలో పొయ్యి, బియ్యం, వంటమనిషి ఉన్నారని రాసుకుని, పంక్తిలో కూర్చున్నవాళ్లకు అన్నం వడ్డించారో లేదో చూడకుండా వెళ్లిపోయినట్టు. కింది కోర్టు లోపాలున్నాయని ఒప్పుకుంటూనే, కేంద్రానికి ఆ బాధ్యత లేదంది. 1984 అక్టోబరులో అప్పీలు కోర్టు ఆ తీర్పు తిరగేసింది: సేవ నిజంగా అందుతోందో లేదో తెలుసుకునే పద్ధతి పెట్టుకోవాల్సిందే. దావాకు ముందు నిలిచిన మైకేల్ ప్యాట్రిక్ స్మిత్ ఆ తీర్పు వినలేదు. అప్పటికే పోయాడు. అందుకే కేసు పేరు ‘స్మిత్ ఎస్టేట్’ అని మొదలవుతుంది.

అదే రోజుల్లో రీగన్ ప్రభుత్వం తనిఖీలు తగ్గిద్దామని చూసి, గగ్గోలు రేగడంతో వెనక్కి తగ్గింది. అమెరికా కాంగ్రెస్ మధ్యేమార్గంగా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్‌ను అధ్యయనం చేయమంది. ఈలోగా ఎల్మా హోల్డర్ అనే ఆవిడ 1975లో నిలబెట్టిన ఒక పౌర సంఘం ఎవరికీ తట్టని పని చేసింది. 15 నగరాల్లో 400 మందికి పైగా నర్సింగ్ హోం నివాసుల్ని కూర్చోబెట్టి ‘మంచి సేవ అంటే మీ దృష్టిలో ఏమిటి?’ అని అడిగింది. సిబ్బంది ఎలా మాట్లాడతారు, ఎలా ముట్టుకుంటారు అన్నది వాళ్ల జవాబుల్లో ముందు నిలిచింది. తిండి, గది, తన ఇష్టం చెల్లుబాటు కావడం లాంటివీ వచ్చాయి. 1986లో ఇన్‌స్టిట్యూట్ నివేదిక వచ్చింది. 1987 డిసెంబరు 22న, నిబంధనలు సడలిద్దామన్న రీగనే, కొత్త నర్సింగ్ హోం చట్టం ఇమిడి ఉన్న బడ్జెట్ బిల్లుపై సంతకం పెట్టాడు.

ఆ చట్టం సారం ఒక్క వాక్యం: ప్రతి మనిషికీ తన శరీరం, మనసు అందుకోగలిగినంత మెరుగైన స్థితిని చేరేలా, అక్కడే నిలిచేలా సేవ అందాలి. కొలత భవనాన్ని వదిలి మనిషి దగ్గరికి వచ్చింది. చేరిన ప్రతివారికీ ఒకే పద్ధతిలో పరీక్ష జరగాలి, ఎవరికి వారికి విడిగా సేవా ప్రణాళిక ఉండాలి. ఆయాలకు కనీసం 75 గంటల శిక్షణ, చెప్పకుండా వచ్చే తనిఖీ, తనిఖీలో నివాసులతో ముఖాముఖి మాటలు. ఇంకో హక్కు కూడా: సిబ్బంది సౌకర్యం కోసం ఎవర్నీ కట్టేయకూడదు.

కట్టేయడం గురించి కాస్త చెప్పాలి. ఎదురుగా చూస్తే ఆ కట్టు చేతుల్లేని చొక్కాలా ఉంటుంది. పట్టీలు నడుముకు అడ్డంగా వెళ్లి, చక్రాల కుర్చీ వెనక, కూర్చున్న మనిషి చేయి అందని చోట ముడిపడతాయి. ఇంకో రకం కుర్చీకి ముందు బల్ల బిగిస్తారు. భోజనానికి పెట్టినట్టే ఉంటుంది గానీ భోజనం అయ్యాక కూడా తీయరు. 1980ల చివర్లో పదిమందిలో నలుగురి దాకా ఇలాంటి కట్టులో ఉన్నారని అంచనా. ‘పడిపోతారని కట్టాం’ అనేవారు. దుర్మార్గంతో అన్న మాట కాదు, నమ్మి అన్నదే. అయితే కూర్చోబెట్టిన కాళ్లు నెలలో చచ్చుబడతాయి, పిరుదుల దగ్గర పడక పుండు లేస్తుంది, బాత్రూంకి లేవలేని మనిషికి డైపరు వస్తుంది. కొందరు ఆ పట్టీల్లోంచి జారి మెడకు బిగుసుకుని చనిపోయారు. పెన్సిల్వేనియాలో క్వేకర్లనే క్రైస్తవ వర్గంవాళ్లు నడిపే కొన్ని గృహాలు అసలు కట్టకుండానే నడిపి చూపించాయి. కిటుకు ఒక్కటే: ఈ మనిషి ఎందుకు లేస్తున్నట్టు అని అడగడం. ఒంటేలు కావచ్చు, నడుంనొప్పి, ఆకలి, ఊసుపోకపోవడం కూడా కావచ్చు. కారణం తెలిస్తే ముడి అక్కర్లేదు. ఇవాళ ఇలాంటి కట్టు నూటికి ఒకరికి మించదు. అమెరికా నర్సింగ్ హోముల చరిత్రలో ఇంత స్పష్టమైన గెలుపు నాకు మరొకటి కనబడలేదు.

అయితే పట్టీ పోయిన చోట మాత్ర వచ్చింది. డిమెన్షియాతో కేకలేసే, తిరుగాడే వృద్ధులకు మానసిక రోగుల మందులిచ్చి మగతలో ఉంచడం. 2005లో ఔషధ నియంత్రణ సంస్థ, ఇవి డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాలను పెంచుతున్నాయని మందు సమాచార పత్రంలో నల్లగీతల చట్రంలో హెచ్చరిక పెట్టించింది. తర్వాత ఆ మందుల వాడకాన్ని ప్రతి సంస్థ రేటింగులో లెక్కగట్టారు. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లను మాత్రం ఆ లెక్కలోంచి మినహాయించారు. మరి ఏమైంది? ఎనభై ఏళ్లు దాటినవాళ్లకు కొత్తగా స్కిజోఫ్రీనియా ఉన్నట్టు రికార్డుల్లో రాయడం మొదలైంది. 2008లో వచ్చిన ఆ అయిదు నక్షత్రాల రేటింగులో సిబ్బంది లెక్కదీ అదే దారి. సిబ్బంది ఎంతమంది ఉన్నారో సంస్థలే చెప్పుకునేవి. తర్వాత జీతాల పట్టీలు తెప్పించి చూస్తే, శని ఆదివారాల్లో నర్సులు బాగా పలచబడుతున్నారని, తనిఖీ రోజుల్లో పెరుగుతున్నారని బయటపడింది.

గోర్గీ తలేవ్‌స్కీ అనే నివాసి కేసు ఈ మాత్రలదే. ఇండియానాలో 2016లో ప్రభుత్వ యాజమాన్యంలోని నర్సింగ్ హోంలో చేరేనాటికి నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, తన చేత్తో తాను తింటున్నాడు. కొన్ని నెలల్లోనే చతికిలబడ్డాడు. ఆరు గట్టి మానసిక మందులిస్తున్నారని ఇంటివాళ్లు తర్వాత కనుక్కున్నారన్నది వాళ్ల ఫిర్యాదు. 1987 చట్టంలోని హక్కుల కోసం నివాసి నేరుగా దావా వేయొచ్చా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023 జూన్ 8న 7–2 మెజారిటీతో వేయొచ్చంది. తలేవ్‌స్కీ 2021లోనే పోయాడు. స్మిత్ లాగే.

చివరికి అంతా ఆయా దగ్గరికొస్తుంది. పన్నెండు మందికి ఒక ఆయా, ఎనిమిది గంటల డ్యూటీ అనుకోండి: మనిషికి 40 నిమిషాలు. అందులోనే లేపడం, కడగడం, బట్టలు మార్చడం, మింగలేని మనిషికి గోరుముద్దలుగా తినిపించడం, పక్క మార్చడం. కోవిడ్‌లో రెండు లక్షల మందికి పైగా నివాసులు, సిబ్బంది చనిపోయాక, 2024లో కేంద్రం తొలిసారి అంకె చెప్పింది: ఒక్కో నివాసికి రోజుకు 3.48 గంటల నర్సింగ్ సమయం, ఎల్లవేళలా ఒక రిజిస్టర్డ్ నర్సు. ‘మనుషులు ఎక్కడ దొరుకుతారు?’ అని యాజమాన్యాలు కోర్టుకెళ్లాయి. పల్లెటూరి గృహాల విషయంలో ఆ ప్రశ్న తీసిపారేయదగ్గది కాదు. 2025 ఏప్రిల్‌లో టెక్సస్ కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. జులైలో వచ్చిన చట్టం దాన్ని 2034 దాకా అమలు చేయొద్దంది.

ఫారాలు ఇప్పుడూ ఉన్నాయి. 1987 చట్టం చెప్పిన పరీక్షకు వేరే ఫారం ఒకటి వచ్చింది. 2010 నుంచి దాంట్లో ఒక భాగాన్ని సిబ్బందిలో ఒకరు ఆ మనిషి ఎదురుగా కూర్చుని, అడిగి నింపాలి. ఏ బట్టలు కట్టుకోవాలో మీరే ఎంచుకోవడం మీకెంత ముఖ్యం? స్నానం తొట్టిలోనా, షవర్ కిందా, మంచం మీదా? రాత్రి ఎప్పుడు పడుకోవాలో మీరే నిర్ణయించుకోవడం ఎంత ముఖ్యం? జవాబులకు అంకెలున్నాయి. 1 వేస్తే చాలా ముఖ్యం అని అర్థం. 4 అంటే అసలు ముఖ్యం కాదు. 5 అంటే, ముఖ్యమే గానీ నా చేతిలో లేదు.