శ్రీబాగ్ ఒడంబడికలో మరుగుపడిన షరతు

శ్రీబాగ్ ఒడంబడిక యనగానే మన సీమవారికి రాజధానియు, నదీజలములును జ్ఞప్తికి వచ్చును. శాసనసభా స్థానములను గూర్చి అందులో మరియొక షరతు కలదు. దానిని తలచువారు అరుదు.

1928 నవంబరులో మన పొరుగున నంద్యాలలో జరిగిన సభలయందు చిలుకూరి నారాయణరావుగారు దత్తమండలములకు "రాయలసీమ" యను పేరు సూచించిరి. మన గ్రామమునుండి బండి కట్టుకొని పోదగిన చోటనే సీమకు నామకరణము జరిగినదన్నమాట! పేరు కుదిరినను శంక తీరలేదు. ఆంధ్రరాష్ట్ర మేర్పడినచో, జనసంఖ్య యధికముగా గల సర్కారు జిల్లాలవారే సభను నింపివేయుదురేమో యని మనవారు భయపడిరి.

ఆ శంకను తీర్చుటకై 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ భవనమున ఉభయప్రాంతముల పెద్దలు కూడి, సాధారణ స్థానములను జిల్లాల కన్నిటికిని సమానముగా పంచవలెనని అంగీకరించిరి. జిల్లా పెద్దదైనను చిన్నదైనను సభలో వాటా ఒక్కటే. ఆనాడు ఓటు అందరికిని లేదు; భూమిశిస్తు, పన్నులు, అక్షరజ్ఞానము వంటి అర్హతలు గలవారికే యుండెడిది. కూలివాని పేరు ఓటర్ల జాబితాకు ఎక్కుట దుర్లభము.

1950లో రాజ్యాంగము వచ్చి, ఇరువదియొక యేండ్లు నిండిన స్త్రీపురుషుల కెల్లరకును ఓటిచ్చెను. నా దృష్టిలో ఇంతకు మించిన సంస్కరణము లేదు. అయితే అదే రాజ్యాంగము, నియోజకవర్గములు సాధ్యమైనంతవరకు జనసంఖ్యకు ఒకే నిష్పత్తిలో నుండవలెనని విధించెను. మన కూలివానికి ఓటు తెచ్చిన తలలెక్కయే జిల్లాల సమాన వాటాను త్రోసివేసినది. న్యాయము రెండువైపులను గలదు. ఏ వైపు తూకము మొగ్గునో ఇప్పటికిని నాకు తేలలేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు, 1952లో మద్రాసు శాసనసభకు ఎన్నికైన మన ప్రాంతపు సభ్యులు 140 మందియే తొలి సభ యైరి. 1955 ఎన్నికలలో స్థానములు 196. లెక్కలు వ్రాయు అలవాటుచేత పంచి చూచితిని: నాటి పదునొకండు జిల్లాలకును సమానముగా పంచినచో జిల్లాకు పదునెనిమిదికి కొంచెము తక్కువ, సీమ నాలుగు జిల్లాలకు సుమారు డెబ్బదియొకటి. ఆ పంపకము కాగితముమీదనే నిలిచిపోయినది. కర్నూలు రాజధాని 1956 వరకు మూడేండ్లు నడిచినది; స్థానముల షరతు ఒక్కదినమైనను అమలునకు రాలేదు.