ఖిల్లా మెట్ల దారి

మా ఖమ్మంలో ఎవరింటికి చుట్టాలొచ్చినా రెండో రోజుకల్లా ఖిల్లా మాట వస్తుంది. భద్రాచలం వెళ్తూ దారిలో ఆగినవాళ్లు కూడా ఊరి నడుమ లేచిన ఆ గుట్టను, దాని మీది గోడను చూసి పైదాకా వెళ్లొచ్చా అని అడుగుతారు. వెళ్లొచ్చు. ఇప్పుడు రోప్‌వే వేయాలన్న ప్రతిపాదన కూడా ఉంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అది మేలే. కాళ్లు సహకరించేవాళ్లు మాత్రం మెట్ల దారినే ఎక్కాలని నా కోరిక. కోట కథలో సగం ఆ దారిలోనే ఉంది.

కింద దర్వాజా దగ్గరే కాసేపు నిలబడండి. గోడ అడుగు భాగంలో ఏనుగులు లాగి తెచ్చాయా అనిపించే రాళ్లుంటాయి. దగ్గరికెళ్లి చెయ్యి పెడితే ఉలి గాట్లు వేళ్లకు తగులుతాయి. ఇది గ్రానైటు. వరుసగా రంధ్రాలు తొలిచి, వాటిలో మేకులు దిగ్గొట్టి చీలిస్తే తప్ప లొంగే రాయి కాదు. ఇవాళ మా జిల్లా క్వారీల నుంచి లారీల మీద దేశదేశాలకు పోతున్నది ఈ జాతి రాయే. పాలిషింగ్ యూనిట్లలో మిషన్లు కోస్తున్నదాన్ని ఆ రోజుల్లో ఉలీ సుత్తీ పట్టి మనుషులు కోశారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు. కోట కట్టిందెవరని పిల్లలు అడిగితే రాజుల పేర్లకన్నా ముందు నేను ఈ గాట్లే చూపిస్తాను.

రాజుల సంగతికొస్తే, 950 ప్రాంతంలో కోట పని మొదలైందని ఊళ్లో చెప్పుకుంటారు. లంకెబిందెలు దొరికిన రెడ్డి సోదరులు కట్టించారన్నది మా పెద్దల కథ. ఆపైన కాకతీయులు, ముసునూరి నాయకులు. వీళ్లందరిలో నా మనసు నిలిచేది షితాబ్ ఖాన్ దగ్గర. అసలు పేరు సీతాపతి. బహమనీల కొలువులో పైకొచ్చి, ఆ రాజ్యం సడలగానే సొంతంగా ఏలాడు. 1504 నాటి వరంగల్ శాసనంలో ఓరుగల్లు గెలిచిన సంగతి, అక్కడ ఆగిపోయిన పూజలు మళ్లీ జరిపించిన సంగతి ఉన్నాయి. ఖాన్ అని పిలిపించుకున్నవాడే కాకతీయుల దేవుళ్లను తిరిగి నిలిపాడు. చివరికి గోల్కొండ నుంచి వచ్చిన కులీ కుతుబ్ షా ఆయన్ను ఓడించి ఈ కోట తీసుకున్నాడు. ఇంతటి మనిషి గురించి మా బడి పుస్తకాల్లో నేను చదివింది ఒక్క వాక్యం కూడా లేదు. ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

 

18వ శతాబ్దంలో, ఆసఫ్‌జాహీల కాలంలో, జాఫరుద్దౌలా కోటను బాగు చేయించాడు. ఆయన పేరుతోనే ఉన్న జాఫర్ బావిని తప్పక చూడాలి. రాతి మెట్ల బావి. ఏళ్ల తరబడి చెత్త కింద కూరుకుపోయి ఉండేది. ఈ మధ్య పూడిక తీసి శుభ్రం చేశారు. కోటకు గోడ ఎంత ముఖ్యమో నీళ్లూ అంతే ముఖ్యం. ముట్టడి పడ్డప్పుడు లోపల నీళ్లుంటేనే తలుపు తీయకుండా ఉండగలరు.

పైకి చేరేసరికి ఆయాసం వస్తుంది. ఎండాకాలం పొద్దున్నే ఎక్కాలి, తొమ్మిది దాటితే బండ మీద పాదం నిలవదు. పైనుంచి ఊరంతా కనిపిస్తుంది. ఊరికి స్తంభాద్రి అని పేరు తెచ్చిన నరసింహస్వామి గుట్ట, లకారం చెరువు, పడమటి వైపు మున్నేరు. 2024 సెప్టెంబరు 1న ఆ ఏరు పొంగి ఒడ్డునున్న కాలనీలను ముంచింది, జనం డాబాల మీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. పాతవాళ్లు ఏటిని దగ్గరే ఉంచుకున్నారు, కోటను మాత్రం గుట్ట మీద పెట్టారు. ఆ తెలివి పైనుంచి చూస్తే బోధపడుతుంది.

తూర్పు వైపు కొత్తగూడెం, భద్రాచలం దారి. 1953లో వరంగల్ నుంచి విడదీసి మా జిల్లాను చేశారు. 1959లో భద్రాచలాన్ని తూర్పు గోదావరి నుంచి తెచ్చి ఇందులో కలిపారు. 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో కొత్తగూడెం వేరు జిల్లా అయింది. అటు అడవి కూడా మునుపటంత లేదు. పోడు కొంత, సారపాక కాగితం మిల్లుకు పోయే జామాయిల్ తోటలు కొంత ఆక్రమించాయి. ఊరి అంచున వెలుగుమట్ల అడవిని అర్బన్ పార్కుగా కాపాడుకున్నారు. ఖిల్లాకు కూడా ఆ మాత్రం శ్రద్ధ దక్కాలి.

రోప్‌వే కన్నా ముందు జరగాల్సినవి చిన్న పనులే. గోడల సందుల్లో మొలిచిన రావి మొక్కలు వేళ్లు లావెక్కక ముందే పీకించాలి. జారే చోట్ల పట్టుకోవడానికి కమ్మీలు వేయాలి. దర్వాజా దగ్గర షితాబ్ ఖాన్ ఎవరో, జాఫరుద్దౌలా ఏం చేశాడో తెలుగులో, ఉర్దూలో రాసిన బోర్డు పెట్టాలి. బడి పిల్లలను ఏడాదికోసారైనా ఆ మెట్ల మీదుగా నడిపించాలి.