త్రోవ చూపిన స్వరము

మన యింటిలోని రేడియో వినుటకే యేర్పడినది. ఒక కేంద్రపు కార్యక్రమమును ఒక యిల్లు విన్నను, లక్ష యిండ్లు విన్నను, ఒకరి వలన మరియొకరికి కొరత గలుగదు. కాని కార్లలో నమర్చుకొని, వినుటయే కాక బదులు పలుకుటకును ఉపయోగించు రేడియోల సంగతి వేరు. అచ్చట ఒకరు పలుకుచున్నంతసేపు ఆ తరంగముపై తక్కిన వారందరు మౌనము వహింపవలెను. తరంగములు కొద్ది, పలుకదలచిన వారు పెక్కుమంది. ఈ చిక్కును విప్పుటకు ఇంజనీర్లు చేపట్టిన సాధనము ఈల వంటి ఒక చిన్న స్వరము. దాని కథనే నేడు ముచ్చటింపదలచితిమి.

1928వ సంవత్సరము ఏప్రిల్ మాసమున అమెరికాలోని డెట్రాయిట్ నగర పోలీసు శాఖ తన కార్లకు రేడియో ద్వారా ఆజ్ఞలు పంపుట ప్రారంభించెను. కేంద్రము చెప్పును, కారులోని పోలీసు వినును. వింటినని చెప్పుటకు మాత్రము అతనికి సాధనము లేదు. 1933లో న్యూజెర్సీ రాష్ట్రమందలి బేయోన్ పట్టణమున ఆ లోపము తీరినది. కార్లలోని వారు కూడ మాటలాడగలిగిరి. దానితోపాటు క్రొత్త యిబ్బందియు వచ్చినది. ఇద్దరు ఒక్కసారి నోరు తెరచినచో ఇద్దరి మాటయు చెడును. మా స్టూడియో ద్వారముపై ఎర్రదీపము వెలుగుచుండగా ఎవ్వరును లోపల అడుగిడరు. వీధులలో పరుగులిడు కార్లకు అట్టి దీపమును చూపుట ఎట్లు?

1946 జూన్ 17వ తేదీన సెయింట్ లూయీ నగరమున బెల్ టెలిఫోను సంస్థ వారు కార్లలో తిరుగువారికి టెలిఫోను సౌకర్యము కల్పించిరి. ఆ పరికరము బరువు సుమారు 36 కిలోలు. చందాదారు ముందుగా చెవియొగ్గి, ఛానెలుపై ఎవరును మాటలాడుట లేదని తెలిసికొని, పిమ్మట ఆపరేటరును పిలువవలెను. కేంద్రము చందాదారును పిలుచునప్పుడు మాత్రము స్వరములు పనిచేసెడివి. సెకనుకు 600 కంపనముల స్వరము, 1,500 కంపనముల స్వరము ఒకదాని వెంట నొకటి మారి మారి మ్రోగును. ఒక్కొక్క మార్పునకు కారులోని చిన్న చక్రము ఒక్కొక్క మెట్టు కదలును. వచ్చిన సంఖ్య తనదైనచో ఆ కారులో గంట మ్రోగును. తక్కిన కార్లలో చక్రములు మొదటి చోటికి మరలును. పేరు పిలిచినప్పుడు ఆ పేరుగలవాడే పలికినట్లు, స్వరము ఒక్కరినే తట్టిలేపగలిగినది. కాని ఖాళీ త్రోవను వెదకు భారము మాత్రము ఇంకను మనుష్యుని చెవిపైననే యుండెను.

ఇచ్చట ‘ట్రంకు’ అను మాటను గూర్చి కొంత చెప్పవలెను. ఒకప్పుడు దూరపు ఊరికి ట్రంకు కాల్ బుక్‌చేసి, టెలిఫోను ప్రక్కన కూర్చుండి నిరీక్షించిన పెద్దలకు ఈ మాట క్రొత్త కాదు. ఇంటింటికిని వేరువేరు తీగ యున్నను, ఊరికిని ఊరికిని నడుమ కొద్ది తీగలే యుండును. వానిలో ఏది ఖాళీ యైన దానిని, అప్పటికి కావలసిన వారికిచ్చుటయే ట్రంకు పద్ధతి.

ఈ పద్ధతి వలని లాభమును కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన గణితవేత్త ఎర్లాంగ్ 1917లో ప్రకటించిన సూత్రముతో లెక్కకట్టవచ్చును. ఐదు శాఖలకు తలకొక ఛానెలు ఇచ్చితిమనుకొందము. ఒక్కొక్క శాఖలో గంటకు అరగంట సంభాషణకు సరిపడు పిలుపులు వచ్చుచుండినచో, ఆ సూత్రము ననుసరించి నూటికి 33 పిలుపులు త్రోవ దొరకక మరలిపోవును. ఆ ఐదు ఛానెళ్లను ఉమ్మడి చేసి, ఎవరికి అవసరమైనప్పుడు వారు ఖాళీదానిని తీసికొనవచ్చునన్నచో, నూటికి 7 మాత్రమే మరలును. క్రొత్త ఛానెలు ఒక్కటియు చేర్చలేదు. పంచుకొను తీరు మాత్రమే మారినది.

తీగల టెలిఫోనులో ఏ తీగ ఖాళీయో ఎక్స్ఛేంజికి తెలియును. నిలుకడ లేని కార్లకు ఆ సంగతి తెలుపువారెవరు? 1964లో బెల్ వారు ప్రవేశపెట్టిన మెరుగైన కారు టెలిఫోను దీనికి చక్కని సమాధానము చెప్పినది. ఖాళీ ఛానెళ్లలో ఒకదానిపై కేంద్రము 2,000 కంపనముల స్వరమును మ్రోగించుచుండును. పనిలేని సెట్లన్నియు ఛానెళ్లను తమంతట తామే గాలించి, ఆ స్వరము వినబడినచోట ఆగి కాచుకొనియుండును. చందాదారు రిసీవరు ఎత్తగానే అతని సెట్టు 1,633, 2,150 కంపనముల స్వరములతో తన సంఖ్యను తెలుపును. ఆ ఛానెలు అతనిదగును. ఖాళీ స్వరము అచ్చట ఆగి, వేరొక ఖాళీ ఛానెలుపై మ్రోగును. తక్కిన సెట్లు దానిని వెదకుకొనుచు అచ్చటికి తరలును. సంభాషణ ముగిసి రిసీవరు పెట్టగానే 1,336 కంపనముల స్వరము సెలవు తెలుపును. ఇంతయు జరుగుచుండగా చందాదారునకు ఆపరేటరుతో పని లేదు, వెదకులాట లేదు.

అయినను, ఎంత నేర్పుతో పంచినను, పంచుటకు మూలధనము కొంత యుండవలెను గదా! 1976 నాటికి న్యూయార్కు మహానగరమున బెల్ వారి కారు టెలిఫోను గలవారు 550 మందికి లోపే. పేరు నమోదు చేసికొని వేచియున్నవారు 3,700 మంది.

స్వరముతో మరియొక ప్రయోగము 1950ల దశకముననే జరిగియుండెను. ఒకే ఛానెలును పంచుకొను రెండు సంస్థలకు ఒకరి మాటలు మరియొకరికి విసుగు కలిగించుట సహజము. అందుచేత మోటరోలా కంపెనీ వారు మాట క్రింద, సుమారు 67 మొదలు 250 కంపనముల లోపల, ఒక సన్నని స్వరమును ఎడతెగక పంపు ఏర్పాటు చేసిరి. కచేరీలో తంబురా శ్రుతి పాట క్రింద సాగునట్లు ఇది మాట క్రింద సాగును. కాని రిసీవరు 300 కంపనములకు లోబడినదానిని వడగట్టుటచే శ్రోత చెవికి సోకదు. తన శ్రుతి వినబడినప్పుడే సెట్టు నోరు తెరచును. దీనికి వారు ‘ప్రైవేట్ లైన్’ అని పేరిడిరి. ఆ పేరు కొంత మోసపుచ్చునది. పొరుగువారి మాట వినబడకపోవుటయే గాని ఛానెలు ఖాళీ యగుట లేదు. వినబడలేదు గదా యని మాటలాడబోయినవాడు, అవతల నడచుచున్న సంభాషణను చెరచును. కావుననే మాటలాడుటకు ముందు ఛానెలును పరీక్షింపుడని వాడుకదారులకు చెప్పవలసివచ్చెను. చెవి మూసికొనుట వేరు, వంతు పాటించుట వేరు.

ఆ వంతును పాటింపజేయు బాధ్యతను పిమ్మట వచ్చిన పద్ధతులలో కంప్యూటరు వహించినది. బ్రిటనులో 405 గీతల టెలివిజన్ ప్రసారములు 1985 జనవరిలో ముగియగా, అవి విడిచిన తరంగములలో కొంత భాగము ఇట్టి రేడియోలకు దక్కెను. 1988లో ఆ దేశ ప్రభుత్వము ఎంపీటీ 1327 అను ప్రమాణమును ప్రకటించెను. ఇందు ఒక ఛానెలు మాటలకు గాక, ఆజ్ఞలకే ప్రత్యేకింపబడును. ఆజ్ఞలన్నియు ఒకట్లు, సున్నలు. 1,200 కంపనముల స్వరము ఒకటికి గుర్తు, 1,800 కంపనములది సున్నకు గుర్తు. సెకనుకు 1,200 గుర్తులు పరుగిడును. బొత్తాము నొక్కగానే సెట్టు ఈ భాషలో విన్నపము పంపును. ఫలానా ఛానెలునకు పొమ్మని కేంద్రము బదులిచ్చును. రెండు విన్నపములు ఢీకొన్నచో, ప్రతి సెట్టును గ్రుడ్డిగా ఎన్నుకొన్న వేరొక క్షణమున మరల ప్రయత్నించును. ఛానెళ్లన్నియు నిండియున్నచో పిలుపు వరుసలో నిలుచును. అత్యవసరపు పిలుపునకు అగ్రస్థానము లభించును.

ఈ కడపటి మాటలోనే అసలు విషయము గలదు. ఉమ్మడి తరంగముపై కట్టుబాటు లేనినాడు బలమైన ట్రాన్స్‌మిటరు గలవానిదే మాట. గాయపడినవాని నెక్కించుకొన్న అంబులెన్సు యైనను ఇతరుల కబుర్లు ముగియువరకు వేచియుండవలసినదే. స్వరము వచ్చిన పిమ్మట బిగ్గరగా పలుకువానికి గాక, వంతు వచ్చినవానికిని, ఆపదలో నున్నవానికిని త్రోవ దొరకినది. 1990ల దశకము మొదలు వచ్చిన అంకెల రేడియోలలో ఈ స్వరములు పెక్కు మరుగుపడినవి. ముందు అడుగుము, అనుమతి పొందుము, పని ముగియగానే త్రోవ విడువుము అను మర్యాద మాత్రము వానిలోను అట్లే నిలిచియున్నది. ఉమ్మడి సొత్తును వాడుకొను మనకందరికిని ఆ మర్యాద తగియే యున్నదని మా తలంపు.